గంటకింత

హార్లింగెన్ ఊళ్ళో కాలువ మీది
లేచే వంతెనకి నేను కాపలా.
పడవ వస్తే మీట నొక్కుతాను.
గంట మోగుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది,
సైకిళ్ళు ఆగిపోతాయి,
రోడ్డు లేచి నిలబడుతుంది.
పంతొమ్మిదేళ్ళు నొక్కీ నొక్కీ
ఆ గంట నాకు వినపడటమే మానేసింది.

మోస్ వచ్చాకే మళ్ళీ విన్నాను.

కాన్‌స్టాంట్సా రేవు వీధుల నుంచి
రెండు రోజులు వ్యాన్‌లో వచ్చిన ఆడకుక్క.
చెవికి పసుపు బిళ్ళ,
వెనక కాలికి ఎప్పుడో విరిగి అతుక్కున్న వంకర.
దాంతో పాటు వచ్చిన కాగితంలో
స్వభావం అన్నచోట ఒకే మాట: నెమ్మదస్తురాలు.
భయానికి అది ముద్దుపేరని
రాసినవాళ్ళకి తెలుసో తెలియదో.

గంట మోగిందా,
స్నానాలగదిలోకి, వాషింగ్ మెషీన్ వెనక్కి
ఒలికిన నీళ్ళలా జారిపోయేది.
పిలిస్తే రాదు. లాగితే ఉచ్చ పోసుకునేది.
కుక్క తోక వంకరేనోయ్, మారదని
పక్కింటి సీబ్రెన్ నవ్వాడు.
వంకరైతే ఏం,
ముందు పొట్టకిందనుంచి బయటికి కనపడనీ, అన్నాను.

లీవార్డెన్ నుంచి రైల్లో వచ్చింది హిస్కే,
బూట్లకి ఎవరి పొలం బురదో.
గంటకి అరవై అయిదు యూరోలంది.
ఏ గంటకి, అని అడగబోయి ఊరుకున్నాను.
మొదటి రోజంతా కుక్క వైపు చూడనైనా లేదు.
వంటింటి నేల మీద వీపు తిప్పి కూర్చుని
నా కాఫీ తాగింది.
ఇంత డబ్బూ నేల మీద కూర్చోడానికా,
అని లోపల లెక్కలు వేసుకుంటుంటే
వాషింగ్ మెషీన్ పక్కనుంచి
ఒక ముక్కు బయటికొచ్చి
ఆ బూట్ల బురదని చదవడం మొదలుపెట్టింది.

గంటని ఫోన్‌లోకి ఎక్కించాం.
దోమ రెక్కంత చప్పుడు, ఒక చీజ్ ముక్క.
మళ్ళీ దోమ, మళ్ళీ ముక్క.
ముందు గంట, తర్వాతే ముక్క, అంది హిస్కే,
తిరగేశావంటే చీజ్‌ని చూసి కూడా పారిపోతుంది.

నన్ను తిట్టింది ఒక్కసారే.
వంతెన దగ్గర, తాడు పట్టుకుని నిలబడ్డప్పుడు.
నీ చెయ్యి చూసుకో.
గంట కన్నా ముందు నీ పిడికిలి మోగుతోంది.
చూసుకున్నాను. కణుపులు తెల్లబడి ఉన్నాయి.
రాత్రిళ్ళు ఫోన్ మోగితే
నేనూ ఉలిక్కిపడతానని ఎలా పసిగట్టిందో
నేను అడగలేదు, తను చెప్పలేదు.

నోట్‌బుక్‌లో నా రాత:
ఎనిమిదో తేదీ. చప్పుడు మూడో మెట్టు. చెవులు కదిలాయి. తిన్నది.
పదకొండు. అయిదో మెట్టు. తినలేదు. తొందర నాదే.
ఇరవై. వాన. ఇద్దరం ఏమీ చెయ్యలేదు. బాగుంది.

కొత్త సంవత్సరం రాత్రి
ఊరు ఊరంతా టపాకాయలు కాల్చింది.
అయిదు నెలల పని వాషింగ్ మెషీన్ వెనక్కి పోయింది.
రెండో రోజుకీ బయటికి రాకపోతే
హిస్కేకి ఫోన్ చేశాను,
అంతా మళ్ళీ మొదటికొచ్చిందని.
నువ్వెక్కడున్నావిప్పుడు, అని అడిగింది.
స్నానాలగదిలో, నేల మీద, దాని పక్కనే.
అయితే ఇది మొదలు కాదులే, అని పెట్టేసింది.

ఏప్రిల్లో, నాలుగున్నర వేళ,
ఎర్ర తెరచాప పడవొకటి వచ్చింది.
మోస్ నా క్యాబిన్‌లో, కుర్చీ కింద.
నొక్కే ముందు దానివైపు చూశాను,
పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ ఎవరివైపూ చూడలేదు.
గంట మోగింది.
వణికింది. వణకలేదని అబద్ధం రాయను.
వణుకుతూనే లేచి
నా కోటు జేబు వంక చూసింది.

ఆ సంబరంలో వంతెన దించడం మర్చిపోయాను.
పడవ దాటి ఎంతసేపైందో,
అవతల విసుగెత్తినవాళ్ళు సైకిల్ గంటలు కొడుతున్నారు,
ఒకటి, నాలుగు, పదకొండు.
ప్రతి గంటకీ మోస్
తలెత్తి నా జేబుని అడిగింది.
అన్ని ముక్కలు నా దగ్గర లేవు.